పన్ను వేస్తే అనుమతి ఇచ్చినట్టు కాదు

"క్రిప్టో లాభం మీద సర్కారే 30 శాతం పన్ను వేసిందంట, ఇంక భయమెందుకు బిడ్డా?" అన్నాడు మా చిన్నాయన. బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయ అమ్మిన పైసలు ఎవరో చెప్పిన క్రిప్టో కాయిన్‌లో, అంటే ఆన్‌లైన్‌లో కొని అమ్మే డిజిటల్ నాణెంలో పెట్టాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఫోన్ చూపించాడు. తెర మీద ఆకుపచ్చ అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. విత్‌డ్రా నొక్కితే మాత్రం 'ముందు పన్ను కట్టండి' అంటూ ఎవరిదో యూపీఐ ఐడీ! క్రిప్టో లాభం మీద పన్ను కట్టేది ఆదాయపు పన్ను శాఖకు. అమ్మినప్పుడు పోయే 1 శాతం టీడీఎస్‌ను (ముందే కోసుకునే పన్ను) ఎక్స్‌ఛేంజే, అంటే క్రిప్టో కొని అమ్మే వేదికే పట్టుకుంటుంది. డబ్బు తీసుకోవడానికి మళ్లీ డబ్బు అడిగారంటే అది మోసమే.

'సుప్రీంకోర్టు ఒప్పుకుంది' అని కూడా నమ్మించారట. క్రిప్టో వ్యాపారాలకు సేవలు ఇవ్వొద్దని రిజర్వు బ్యాంకు 2018లో బ్యాంకులను ఆదేశించింది. ఆ కట్టడి మరీ ఎక్కువైందని 2020 మార్చిలో కోర్టు కొట్టేసింది, అంతే. క్రిప్టో మంచిదని ఎక్కడా చెప్పలేదు. చట్టబద్ధమైన కరెన్సీ హోదా ఇప్పటికీ దానికి లేదు. 2022 డిసెంబర్‌లో మామూలు జనం కోసం ప్రయోగాత్మకంగా మొదలైన ఈ-రూపాయి (డిజిటల్ రూపాయి) వేరే సంగతి. అది రిజర్వు బ్యాంకే ఇచ్చేది, జేబులో నోటు లాంటిదే. పెరగదు, తరగదు, వడ్డీ రాదు.

ఇదంతా చెప్పాక చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. పక్కనే కూర్చుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఒకసారి చూడండి, కోప్పడకుండా అడగండి.