దోస్తులకు తెల్సింది ఠాణాల రాయరు

పేపర్ల జిల్లా పేజీ తిప్పితే కనవడే ముక్కే, "కడుపునొప్పి తాళలేక యువకుడి ఆత్మహత్య". మా నల్లగొండ దిక్కు ఇది ఎన్నిసార్లు చదివిన్నో. అది ఎక్కన్నుంచి వస్తదంటే, ఠాణాల ఇంటోళ్లు ఇచ్చిన కంప్లైంట్ నుంచే. కొడుకు పోయిన నాయిన ఆ టైంల పరువు చూస్కుంటడా, అసలు సంగతి చెప్తడా, చాలాసార్లు ఆయనకే తెల్వదు పాపం. దేశం మొత్తం నేరాలు, ఆత్మహత్యల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టుల కారణాలు గూడ పోలీసు రికార్డులకెళ్లి పోయేటియే. 2022ల దేశంల 13,044 మంది స్టూడెంట్లు ఆత్మహత్య చేస్కొని పోయిండ్రని అండ్లనే ఉంది.

అసలు కారణం తెల్సుకునేటందుకు రీసెర్చోళ్లు వేరే దారి పట్టిండ్రు. 1950లల లాస్ ఏంజెలిస్‌ల ష్నైడ్‌మన్, ఫార్బెరో, లిట్‌మన్ మొదలువెట్టిన ఆ దారి పేరు సైకలాజికల్ అటాప్సీ, అంటే పోయినోని చుట్టుపక్కలోళ్లతోని కూసోని ఆఖరి నెలలు నిద్రవోయిండా, ఎవలితో మాట్లాడిండు అని నిమ్మలంగ అడుగుడు. 1985ల షాఫీ అనే డాక్టర్ టీం అమెరికాలనే లూయీవిల్‌ల పిల్లల కేసులల్ల అమ్మానాయినలనే గాదు, దోస్తులను గూడ అడిగింది.

ఎందుకంటే తాగుడు, లవ్వు, అప్పు, హాస్టల్‌ల అవమానం, "ఇగ నావల్ల కాదురా" అన్న మాట, ఇవన్ని పోయేది దోస్తు కాడికే. మా గల్లీ పోరడొకడు వాని దోస్తు పోయిన చాన్నాళ్లకు నాతోని అన్నడు, "అన్నా, వాడు బ్యాట్ నాకే ఇచ్చేసిండే, నాకొద్దు ఇగ అని, ఎవలికి చెప్పకని ఒట్టేయించుకున్నడు". పోలీసులు ఏమడిగిండ్రురా అంటే వాని ఫోన్ లాక్ ప్యాటర్న్ అడిగిండ్రంట, గంతే.

అట్లని దోస్తులు చెప్పిందే అంతా నిజం అని గాదు, వాళ్లు గూడ ఒక్క పిల్లమీదనో ఒక్క సార్ మీదనో మొత్తం నెట్టేస్తరు, ఒక్క కారణంతోని ఎవలు పోరు. అందుకే ఇద్దరు ముగ్గురిని వేరేవేరేగ అడగాలె.

ఇంకోటి, అమెరికాల పిట్స్‌బర్గ్‌ల డేవిడ్ బ్రెంట్ అనే మానసిక డాక్టర్ వాళ్లు చూసిండ్రు, దోస్తును పోగొట్టుకున్న పిల్లలల్ల డిప్రెషన్ ఎక్కువైతదని, ముందే సంగతి తెల్సినోళ్లకు ఇంకా ఎక్కువని. గందుకే "తెల్సి ఎందుకు చెప్పలే" అని అడిగేటోడు ఈ పనికి పనికిరాడు. మన కాలేజీలేమో ఒక్కరోజు సెలవిచ్చి, రెండోరోజు స్లిప్ టెస్ట్ పెడ్తయి, పక్క బెంచి పోరడు రాస్తనే ఉంటడు.

ఎవలన్న దోస్తు ఇట్ల మాట్లాడితే, లేకుంటే ఇట్ల దోస్తును పోగొట్టుకుని మీరే నలుగుతుంటే, ఆ ఒట్టు గిట్టు పక్కకువెట్టి సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ కొట్టండ్రి. ఫ్రీనే, రాత్రైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు.