నాన్న నోటుపుస్తకంలో అరకు

మా నాన్న ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేశారు. రిటైరై చాలా కాలమైనా ఏ ఊరు వెళ్ళినా జేబులో చిన్న నోటుపుస్తకం ఉండాల్సిందే. టీ తాగినా రాస్తారు, చెప్పు కుట్టించుకున్నా రాస్తారు. మొన్న నవంబరు ఆఖర్లో మేమిద్దరం అరకు బయల్దేరినప్పుడు ఆ పుస్తకంలో ఇంకో గడి గీయమని అడిగాను. ఎంత ఇచ్చామో రాసిన చోటే ఎవరికిచ్చామో కూడా రాయమన్నాను.

"ఎందుకమ్మా?" అన్నారు.

2024 డిసెంబరులో మన రాష్ట్రం కొత్త పర్యాటక విధానం తెచ్చింది. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. అప్పట్నుంచీ పేపరు తెరిస్తే పెట్టుబడులు, ఉద్యోగాలు అనే వార్తలే. నిజంగానే రావాలని నాకూ ఉంది. మా ఇంట్లోనే ఇద్దరు కుర్రాళ్ళు డిగ్రీలు చేతిలో పెట్టుకుని తిరుగుతున్నారు. అందుకే "మనం ఖర్చుపెట్టే డబ్బు చివరికి ఎవరి చేతికి వెళ్తుందో ఒక్కసారి చూద్దాం నాన్నా" అన్నాను. ఆయన స్కేలు లేకుండానే నిటారుగా గీత గీశారు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. అద్దాల పెట్టెలో, అదే విస్టాడోమ్‌లో, నెల ముందే టికెట్లు తీసుకున్నాం. కొండలెక్కే ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేరి, అక్కణ్ణుంచి జపాన్ వెళ్ళాలని 1960ల్లో వేశారు. 2017లో అదే లైను మీద ప్రయాణికుల రైలుకి ఈ అద్దాల పెట్టె తగిలించారు. కొత్తగా పట్టాలు వేయలేదు, కొండ తవ్వలేదు. పెట్టె ఒక్కటి మార్చేసరికి గుజరాత్ నుంచి, బెంగాల్ నుంచి కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. ఎస్.కోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలందరూ కేకలు. నాన్న ఇరవై దాకా లెక్కపెట్టి, కిటికీలోంచి లోయ కనిపించగానే లెక్క మర్చిపోయారు. పుస్తకంలో మొదటి ఎంట్రీ: రైలు టికెట్లు, రైల్వేకి. రెండోది చిన్న స్టేషన్లో బుట్టతో నిలబడ్డ ఒకామె దగ్గర కొన్న జామకాయలు, ముప్ఫై రూపాయలు. ఆమె చేతికి.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. గుహల దాకా నడిచే దారిలో రెండు పక్కలా బొంగు చికెన్ పొగ. గేటు దగ్గర టికెట్ తీసుకుంటే పాతికేళ్ళ కుర్రాడొకడు "అక్కా, గైడ్ కావాలా, తాతగారికి చెయ్యి పట్టుకుంటాను" అన్నాడు. ఆ మాటకే పెట్టుకున్నాం. లోపలికి దిగే మెట్లు తడిగా ఉన్నాయి. పైకప్పు నుంచి నీటిబొట్టు పడీ పడీ, ఆ నీళ్ళలోని సున్నం గడ్డకట్టి, వేల ఏళ్ళకి పైనుంచి వేలాడే స్తంభాలు, కిందనుంచి లేచే స్తంభాలు అయ్యాయి. టార్చి వేసి ఒక్కో ఆకారం చూపించాడు. శివపార్వతులు, తల్లీబిడ్డ, ఇంకా ఏవేవో. వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పే కథా చెప్పాడు. మేతకెళ్ళిన ఆవు పైన ఉన్న కన్నంలోంచి గుహలో పడిందట, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందట. కథ చెబుతూనే నాన్న చెయ్యి వదల్లేదు.

బయటకొచ్చి బెంచీ మీద కూర్చున్నాక అడిగాను, ఈ పని ఎలా దొరికింది తమ్ముడూ అని.

"మాది పక్క ఊరే అక్కా. ఇక్కడ పని చేసేవాళ్ళలో మావాళ్ళే ఎక్కువ. మా నాన్నావాళ్ళు గొడవపడితే వచ్చాయి ఈ పనులు, ఊరికే ఇవ్వలేదు" అన్నాడు.

అతను చెప్పిన 'గొడవ' వెనక ఒక పెద్ద కథ ఉంది. ఈ బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చారని సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం ఇవ్వడం చెల్లదని తేల్చేసింది. దేశమంతా లా కాలేజీల్లో చదివే సమత తీర్పు ఇక్కడ పుట్టిందే. అంతకుముందు నుంచీ 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో, అంటే ఇలాంటి గిరిజన ప్రాంతాల్లో, భూమి గిరిజనేతరుల పేరుకి మారకూడదన్నది దాని సారాంశం. గేటు దగ్గర బొంగు చికెన్ కాల్చే ఆమె పొయ్యి ఆమెదే ఎందుకయిందో ఆ బెంచీ మీద నాకు తెలిసింది. ఈ రెండూ లేకపోతే ఇవాళ అక్కడ గుహలుండేవో, క్వారీ ఉండేదో.

కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 అనే పర్యాటక పథకం కింద బొర్రా గుహల అభివృద్ధికి దాదాపు 30 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అవసరమే. మెట్ల దగ్గర నాన్న లాంటి వాళ్ళు పడే ఇబ్బంది చూశాక కాదనలేను. కానీ ఆ కుర్రాడి భయం ఇంకోటి. "కొత్తగా అన్నీ కడతారంట అక్కా. కట్టాక షాపులు పాటకి పెడితే మేం పాడగలమా?" అన్నాడు. కొండమీద సరుకమ్ముకునేవాళ్ళు వేలంపాటలో పట్నం కాంట్రాక్టరుతో ఎలా పోటీపడతారు? అడ్డాకులో బొంగు చికెన్ పెట్టిన ఆమెని అడిగితే ఆమె కూడా అదే అంది. కోడి ఊళ్ళోదే, బొంగు అడవిలోది, నూనె చుక్క వెయ్యరు. ఆమె ఇద్దరు పిల్లలు విశాఖలో చదువుకుంటున్నారు. నాన్న పుస్తకంలో బొర్రా పేజీ అంతా ఊరివాళ్ళ పేర్లే. టికెట్ డబ్బు ఒక్కటే పర్యాటక శాఖకి.

అనంతగిరిలో కాఫీ తోటల దగ్గర కాసేపు ఆగాం. సిల్వర్ ఓక్ నీడలో ఎర్రటి కాఫీ పళ్ళు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. ఫొటోలు తీసుకుని బయల్దేరాం.

ఆ రాత్రి అరకులో ఆన్‌లైన్లో బుక్ చేసుకున్న ఒక రిసార్టులో దిగాం. పేరు రాయడం లేదు. గదికి మేమిచ్చింది మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద మొత్తం. వేడినీళ్ళు రాలేదు, మూడుసార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తారు. ఆ బాధ రాత్రికే పోయింది. పొద్దున్న నాన్న లెక్కలో తేలింది మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది. వంటమనిషి నేపాల్ నుంచి, మేనేజరు విశాఖ నుంచి, కూరగాయలు కూడా విశాఖ మార్కెట్ నుంచి. గిరిజన అమ్మాయి ఒకే ఒక్కతి కనిపించింది, చీపురుతో. "యజమాని ఎవరు?" అని నాన్న అడిగితే ఆ అమ్మాయి "కాగితంలో మా ఊరి ఆయనే, వచ్చేది వేరే ఆయన" అంది. బినామీల గురించి ఏజెన్సీలో ఎప్పట్నుంచో చెప్పుకుంటారు. ఆ అమ్మాయి నోట విన్నాక అది పుకారులా అనిపించలేదు. నాన్న ఆ గడిలో ఏమీ రాయకుండా వదిలేశారు. ఆయన పుస్తకంలో ఖాళీ గడి నేను చూడటం అదే మొదటిసారి.

2025 మొదట్లో పర్యాటకం పెరగాలంటే 1/70 సడలించాలన్న మాట పైనుంచి వినపడింది. ఏజెన్సీ భగ్గుమంది. ఫిబ్రవరిలో రెండు రోజులు మన్యం బంద్ జరిగింది. ఆ చట్టానికి ఢోకా లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. దూరం నుంచి ఆ వార్త చదివినప్పుడు, అభివృద్ధికి అడ్డుపడుతున్నారేమో అని నేనూ ఒక క్షణం అనుకున్నాను. తప్పుగా అనుకున్నాను.

రెండో రోజు గది మార్చేశాం. ఆటో అతను "మా పిన్నివాళ్ళింట్లో ఉంటారా, రెండు గదులున్నాయి" అని తీసుకెళ్ళాడు. అరకు నుంచి నాలుగైదు కిలోమీటర్లు. ఎర్రమట్టి అలికిన అరుగు, పైన రేకులు, వెనకాల కాఫీ తోట. మంచాలు, రగ్గులు శుభ్రంగా ఉన్నాయి. బాత్రూం కొత్తగా కట్టారు. ఇంటావిడ నాన్నని "బాబు" అనీ, నన్ను "అమ్మీ" అనీ పిలిచింది. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం అన్నం, చిక్కుడు గింజల కూర, అల్లం పచ్చడి. అల్లం వాళ్ళ చేలోదే. ఇంటాయన కాఫీ పళ్ళు ఎండబెట్టిన టార్పాలిన్ పక్కన కూర్చుని ధరల గురించి చెప్పాడు. పండిన పళ్ళు మాత్రమే ఏరాలని ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ వాళ్ళు నేర్పారట. ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ జీసీసీ కూడా కొంటుంది కాబట్టి దళారులు ఇదివరకటంత దిగగొట్టలేరట. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో పార్లమెంటులోనే స్టాల్ పెట్టారు. "మా కాఫీ ఢిల్లీ వెళ్ళింది, మేమింకా పాడేరు దాటలేదు" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో గర్వమే కనిపించింది నాకు.

కాఫీ డబ్బు ఏడాదికి ఒకసారి. గదుల డబ్బు శని, ఆదివారాలు. "ఆ డబ్బుతోనే పాప హాస్టలు ఫీజు కట్టాం అమ్మీ" అంది ఇంటావిడ. నాన్న రాసుకున్న లెక్క ప్రకారం మేమక్కడ రెండు రోజులకి ఇచ్చింది రిసార్టులో ఒక్క రాత్రికి ఇచ్చినదానిలో సగం కన్నా తక్కువ. అందులో ఉప్పు, పప్పు, సబ్బు పోగా మిగతాదంతా ఆ ఇంట్లోనే ఉంది.

గిరిజన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళకే కేంద్రం ఒక పథకం పెట్టింది. 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా అభియాన్‌లో భాగంగా దేశంలో వెయ్యి హోమ్‌స్టేలు. కొత్తగా కట్టుకునేవాళ్ళకి 5 లక్షల వరకు, ఉన్న ఇల్లు బాగుచేసుకునేవాళ్ళకి 3 లక్షల వరకు. ఆవిడకి ఆ పేరే తెలియదు. బాత్రూం కట్టడానికి డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని ఇంకా వాయిదాలు కడుతోంది. పెద్ద రిసార్టుకి రాయితీ ఇచ్చేటప్పుడు అధికారులే పెట్టుబడిదారుడి దగ్గరికి వెళ్తారు. ఈ గూడేనికి ఆ ఫారం ఎవరు తెస్తారు? ఫోన్లో దొరికినంత వివరం నేను చదివి వినిపించాను. ఎవర్ని కలవాలో నాన్న ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు: పాడేరు, ఐటీడీఏ ఆఫీసు. ఆవిడ దాన్ని మడిచి రేషన్ కార్డు కవర్లో పెట్టింది.

సాయంత్రం వలిసె పూల చేను చూడ్డానికి వెళ్ళాం. కొండ కింద పసుపు ఆరబోసినట్టు ఉంది. గట్టు మీద కర్రకి కట్టిన అట్టముక్క, దాని మీద 'ఫొటోకి 20 రూ.' అని రాత. చేను మనిషి కర్ర పట్టుకుని, మొక్కలు తొక్కకుండా దారి చూపిస్తున్నాడు. వలిసెలు నూనె గింజలు, ఎకరానికి పెద్దగా మిగిలేదేమీ ఉండదు. పూసిన ఆ కొద్ది వారాల్లో ఫొటోల డబ్బే గింజల డబ్బుని దాటేస్తుందని చెప్పాడు. దీనికి ఏ పథకమూ లేదు, ఎవరూ నేర్పలేదు. వచ్చేవాళ్ళకి రోడ్డు ఉంది, చేను ఆయనది, అంతే. ఇరవై రూపాయల దగ్గర నాన్న "చేను గలాయన" అని రాసి కింద గీత పెట్టారు.

చివరి రాత్రి పొయ్యి దగ్గర కూర్చున్నాం. చలి బాగా ఉంది. సంక్రాంతి వెళ్ళాక ఎవరొస్తారని అడిగాను.

"రారు అమ్మీ. ఫిబ్రవరి నుంచి గదులు ఖాళీనే. మళ్ళీ వానలకి కొండ పచ్చబడితే వస్తారు." డిసెంబరులో ఆదివారం నాడు ఘాట్ రోడ్డు మీద కారు కదలదు, ఏప్రిల్లో అదే రోడ్డు మీద కుక్క కూడా కనపడదట. ఆ నాలుగైదు నెలలు వాళ్ళబ్బాయి విశాఖలో బిల్డింగు పనికి వెళ్తాడు. సీజన్‌కి వచ్చి ఆటో తోలతాడు.

"చైత్రంలో ఇటుకల పండగ కదా మాకు. మగాళ్ళు వేటకెళ్తారు, ఆడాళ్ళం రోడ్డు మీద బళ్ళు ఆపి డబ్బులడుగుతాం, థింసా ఆడతాం. అప్పుడు రండి. మామిడికాయలు కూడా ఉంటాయి" అంది.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని నోటుపుస్తకం తీశారు. కొత్త పేజీలో "చైత్రం, ఇటుకల పండగ, ఇద్దరం" అని రాసి, అడ్వాన్సు ఎంతమ్మా అని అడిగారు. ఆవిడ వద్దంది. ఆయన వినలేదు.