వెనక సీటు మీద పెరిగిన తెలుగు

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న వాళ్ళకి ఇంట్లో తెలుగు ఎలా కుంచించుకుపోతుందో నేను చెప్పక్కర్లేదు. రా, తిను, పడుకో, తలుపు వెయ్యి, హోంవర్క్ అయిందా. మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు బడి భాషలో జవాబిస్తారు. కొన్నాళ్ళకి తెలుగంటే అమ్మ పనులు పురమాయించే భాష అయిపోతుంది, అంతే. మా ఇంట్లో అలా కాలేదు. అందుకు కారణం ఒక పాత మోటార్‌సైకిల్ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ బండి బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్. తారు రోడ్డు మీద దూరాలు వెళ్ళడానికీ, ఆ రోడ్డు అయిపోయాక మట్టిదారిలో ముందుకు పోవడానికీ కలిపి చేసిన బండి. 1980లో వచ్చింది. 797 సీసీల ఇంజను, రెండు సిలిండర్లు చెరో పక్కకి చాచుకుని ఉంటాయి. చైను ఉండదు, దాని బదులు షాఫ్ట్ అనే కడ్డీ తిరిగి వెనక చక్రాన్ని తిప్పుతుంది. వెనక చక్రాన్ని బండి ఒక పక్క నుంచే పట్టుకుని ఉంటుంది, రెండో పక్క ఖాళీ. బరువు 186 కిలోలు. అదే వంశంలో వచ్చిన ఆర్ 1250 జీఎస్ 249 కిలోలు తూగుతుంది. ఆ తేడా రోడ్డు మీద అంతగా తెలియదు గానీ, కంకర దారిలో వెనక పిల్లని కూర్చోబెట్టుకుని బండి వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది.

ఆగి ఉన్నప్పుడు రేజ్ చేస్తే బండి మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. కదిలేటప్పుడు రేజ్ ఇస్తే వెనక భాగం లేస్తుంది, వదిలితే దిగుతుంది. కొత్తవాళ్ళకి కంగారుగా ఉంటుంది. మా పిల్లలకి అదే ఇష్టం. చలికాలంలో ఆ సిలిండర్ల వేడి కాళ్ళకి తగలడం నాకిష్టం.

ఫుట్‌రెస్టుల మీద పాదాలు పూర్తిగా ఆనేదాకా పిల్లల్ని ఎక్కించుకోను అన్నాను, ఎంత బతిమాలినా ఆ మాట మార్చలేదు. అమ్మాయికి ముందు ఆనాయి, తర్వాత బాబుకి. ఉన్నది ఒకటే వెనక సీటు కాబట్టి వంతులు. మలుపు వచ్చినప్పుడు ఎటు తిరుగుతున్నామో ఆ వైపు నా భుజం మీదుగా ముందుకి చూడమని చెప్పాను. అలా చూస్తే చాలు, ఒళ్ళు దానంతటదే బండితో పాటు వాలుతుంది. భయపడి రెండో వైపుకి వంగితేనే ఇబ్బంది. ఇద్దరూ ఇట్టే నేర్చుకున్నారు.

హెల్మెట్లలో మైకులు పెట్టించాక అసలు కథ మొదలైంది. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే నా ప్రశ్నలకి ఒక్క ముక్కలో జవాబులొచ్చేవి. బండి మీద ఇద్దరం ఒకే దారి చూస్తున్నాం, మొహాలు కనపడవు, తొందర లేదు. బడిలో ఎవరు తనని పక్కన పెట్టారో, తన పేరు తప్పుగా పలికితే సరిచేయడం ఎందుకు మానేసిందో, అన్నీ అమ్మాయి ఆ మైకులోనే చెప్పింది. మాట దొరకనప్పుడు ఆగేది. నేను అందించేదాన్ని కాదు. మరో రెండు మలుపులు దాటాక తనే ఎలాగోలా ఇంకో మాట వెతుక్కునేది.

కథలూ అక్కడే చెప్పాను. పారిస్ నుంచి సహారా ఎడారి మీదుగా ఆఫ్రికాలోని డకార్ దాకా సాగిన పారిస్–డకార్ ర్యాలీని ఈ బండి తమ్ముళ్ళే గెలిచాయి: 1981లో, 1983లో హ్యూబర్ట్ ఆరియోల్, 1984లో, 1985లో గాస్టన్ రాహియే. రాహియే పొట్టి మనిషి, అంతకుముందు 125 సీసీ మోటోక్రాస్‌లో మూడుసార్లు ప్రపంచ విజేత. బాబుకి అతనే హీరో. అమ్మాయికి ఆరియోల్. అతను ఫ్రెంచివాడే గానీ పుట్టింది ఇథియోపియాలో, ఆడిస్ అబాబాలో. 1987లో గెలుపు అంచున రెండు చీలమండలూ విరిగినా ఆ రోజు దూరం పూర్తి చేశాడు. 1992లో కారు నడిపి మళ్ళీ డకార్ గెలిచాడు. ఇదంతా విని అమ్మాయి అడిగింది: “అమ్మా, ఆయన్ని కూడా ‘మీదే ఊరు, అసలు ఊరు’ అని అడిగేవాళ్ళా?” అడిగే ఉంటారన్నాను. “మరి ఏం చెప్పేవాడో!” అంది. ఆ తర్వాత చాలా దూరం ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం. ఇలాంటి సంగతి మా ఇంటి నాలుగు గోడల మధ్య ఎప్పుడూ రాలేదు.

అయినా నేను అన్నిటికన్నా ఎక్కువ తలుచుకునేది ట్యాపెట్లు సెట్ చేసే రోజుల్ని, అంటే ఇంజను వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందుని సరిచేసే రోజుల్ని. ఈ ఇంజనుకి ఆ పని పిల్లలు కూడా చేయగలరు. సిలిండర్లు బయటికే ఉంటాయి కాబట్టి ట్యాంకు విప్పక్కర్లేదు, పక్కన నేల మీద కూర్చుంటే చాలు. ఇంజను పూర్తిగా చల్లారాక బండిని సెంటర్ స్టాండ్ ఎక్కిస్తాం. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, టాప్ గేరులో వేసి బాబు వెనక చక్రం మెల్లగా తిప్పుతాడు. ఎడమ పక్క చిన్న రంధ్రంలోంచి అమ్మాయి ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం మీద గుర్తు కోసం చూస్తుంది. “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు! దాటేశావ్, వెనక్కి తే!” వాల్వుల్ని నొక్కే రాకర్లు ఏ వైపు వదులుగా ఆడుతుంటే ఆ వైపు ముందు. తర్వాత ఇంజను ఇంకో పూర్తి చుట్టు తిప్పి రెండో వైపు. ఇన్‌టేక్ వాల్వుకి సందు 0.10 మిల్లీమీటర్లు. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి లాగితే నూనె కాగితం జారినట్టు రావాలి.

ఆ గంటలో వాళ్ళ నోట వచ్చిన తెలుగు చూడాలి! బిగుతు, వదులు, సందు, మెలి, ఒరుసుకోవడం, పట్టు జారడం. ఎవరూ పాఠంగా చెప్పినవి కావు. చేతిలో పానా ఉంది, మాట కావాలి, అందుకని వచ్చాయి. పైగా అక్కడ నేను చెప్పేదాన్నీ వాళ్ళు వినేవాళ్ళూ కాదు. “నువ్వు మరీ బిగించేశావమ్మా, మళ్ళీ చూడు” అని బాబు తెలుగులో నన్ను సరిదిద్దిన రోజు నాకు ఎంత సంతోషమైందో! పిల్లల చేత తెలుగు మాట్లాడించాలని ఎన్ని తిప్పలు పడినా, వాళ్ళకి మనతో వాదించే చోటు ఇవ్వకపోతే ఆ భాష నిలవదనిపిస్తుంది.

ఒకసారి అడవి దారిలో వెనక టైరు దిగిపోయింది. పాత జీ/ఎస్‌కి లోపల ట్యూబులే. చక్రం మాత్రం కారు చక్రం ఊడదీసినట్టు ఒక పక్క నుంచి వచ్చేస్తుంది. టైరు అంచు లేపడమే కష్టం. ఇంటికొచ్చాక బాబు ఫోనులో వాళ్ళ తాతయ్యకి ఆ పని మొత్తం చెప్పాడు. మామూలుగా “బాగున్నారా తాతయ్యా, బాగున్నాను” అనగానే ఫోను నా చేతికొచ్చేది. ఆ రోజు నాకు అసలు రాలేదు. ట్యూబు మీద అతుకు ఎలా పెట్టాలో తాతయ్య, టైరు లివర్ ట్యూబుని గిచ్చకుండా ఎలా పట్టుకోవాలో మనవడు, ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు అమ్మాయికి లైసెన్సు వచ్చింది. ముందు తను నడుపుతుంది, నేను వెనక కూర్చుని భుజం మీదుగా చూస్తాను. ప్రస్తుతం ఇంట్లో నడుస్తున్న గొడవ ట్యాంకు గురించి. ఉన్న 19.5 లీటర్లది తీసేసి డకార్ మోడల్ 32 లీటర్లది పెట్టాలని తన పట్టుదల. నిండా పోస్తే ముందు బరువు పెరుగుతుంది, మట్టిలో తిప్పడం కష్టమని తమ్ముడి వాదన. పూర్తిగా తెలుగులోనే పోట్లాడుకుంటున్నారు. నా ఓటు తమ్ముడికే, కానీ ఇంకా చెప్పలేదు.