కొండగుడికి మొరతో

రాస్ హిల్ అంటే విశాఖలో కొందరు ఆలోచిస్తారు. కొండగుడి అంటే వన్‌టౌన్‌లో చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మరియమాత. ఈ మరియమాత గుడే కొండగుడి, ఆ కొండే రాస్ హిల్. 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్న చోటే తర్వాత ఈ గుడి వెలిసింది. డిసెంబరు 8న, అమలోద్భవి మాత పండుగకి, కొండంతా జనమే. మేము మొరతో ఎక్కేది ఆ రోజు కాదు. మొక్కు తీర్చుకోవడానికి పండుగ మంచిదే. గుండెలో ఉన్నది ఉన్నట్టు దేవుడి ముందు పెట్టాలంటే మాత్రం వెనకనుంచి ఎవరూ తోయని రోజు కావాలి. వారం మధ్యలో, పొద్దున్నే, ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్తాం.

బయలుదేరేది జ్ఞానాపురం సెయింట్ పీటర్స్ కెథడ్రల్ నుంచి. రైల్వే స్టేషనుకి దగ్గరే కాబట్టి పొరుగూరి నుంచి వచ్చేవారికీ సుళువు. అక్కణ్నుంచి కాన్వెంట్ జంక్షన్, పోర్టు రోడ్డు, పాత పోస్టాఫీసు మీదుగా కొండ కిందికి చేరతాం. పోర్టు రోడ్డులో లారీలు, దుమ్ము ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారు ఆ ముక్క ఆటోలో వెళ్లడమే నయం. చేతిలో బైబిలు, లీటరు నీళ్ల సీసా, ఒక తెల్లకాగితం, బాల్‌పెన్ను ఉంటే చాలు. ఇంకుపెన్ను వద్దు, జేబులో చెమటకి అక్షరాలు అలుక్కుపోతాయి.

కాగితం నడక మొదలుపెట్టకముందే, కెథడ్రల్ బల్ల మీద కూర్చుని రాయాలి. ముందు బైబిల్లోని 13వ కీర్తన చదువుతాం. ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆ రెండు వచనాల్లోనే 'ఎంతకాలం' అన్న ప్రశ్న హెబ్రీ మూలంలో నాలుగుసార్లు వస్తుంది. తర్వాత రెండు వచనాలు మనవి. చివరి రెండు నమ్మిక. ఈ వరస ముఖ్యం. మనం మామూలుగా చేసే ప్రార్థన స్తోత్రంతో మొదలై, మనవుల పట్టీ చదివి, ఆమెన్‌తో అయిపోతుంది. ఫిర్యాదుకి అందులో చోటే ఉండదు. నూట యాభై కీర్తనల్లో దాదాపు మూడోవంతు ఇలాంటి మొరలే అయినా, ఆదివారం గుళ్లో మనం ఎక్కువగా పాడేది మిగతావాటినే.

రాయడం ఇలా. ఐదారు వాక్యాలు చాలు. ప్రతి వాక్యంలోనూ 'నువ్వు' ఉండాలి. "దేవుడు నా బిడ్డని తీసుకెళ్లిపోయాడు" అని రాస్తే దాన్ని కొట్టేసి "నా బిడ్డని నువ్వు తీసుకెళ్లిపోయావు" అని మార్చాలి. మారింది ఒక్క మాటే, కానీ ఆ మార్పు దగ్గర చాలామంది చెయ్యి ఆగిపోతుంది. ఎడారిలో ఇశ్రాయేలీయులు గుడారాల్లో కూర్చుని దేవుడి గురించి తమలో తాము మాట్లాడుకున్నారు. దాన్ని బైబిలు సణుగుడు అంది. కీర్తనల్లో దావీదు అవే మాటలు దేవుడి ముఖం మీదే అన్నాడు. అది మొర. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు కథ చివర్లో దేవుడి కోపం ఎవరి మీద రగులుకుందో చూడండి. దేవుడితో వాదించిన యోబు మీద కాదు, దేవుడి తరఫున చక్కగా ఉపన్యాసాలిచ్చిన ముగ్గురు స్నేహితుల మీద.

భాష విషయంలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. కాగితం ముందు కూర్చోగానే మనకి ప్రసంగపీఠం భాష వచ్చేస్తుంది: "ప్రభువా, మా బలహీనతలను మన్నించుము." దాని వెనక ఏ బాధైనా దాక్కోగలదు. ఇంట్లో ఏడ్చే మాటలతోనే రాయాలి. మన ఉత్తరాంధ్రలో చావింట్లో ఆడవాళ్లు శోకం తీస్తూ ఏడుస్తారు: "నన్నొగ్గేసి ఎల్లిపోనావా నాయనా!" అందులో పిలుపు ఉంది, ప్రశ్న ఉంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే నిలదీయడం ఉంది. సిలువ మీద యేసు అన్నది ఇదే కదా: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" ఆయన ఎత్తుకున్నది 22వ కీర్తన మొదటి మాట. ఆ కేక తెలుగు అచ్చులోకి వెళ్లింది ఈ ఊరినుంచే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనువారు క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు, క్రైస్తవుడైన తెలుగు బ్రాహ్మణుడు ఆనందరాయరు సాయంతో సువార్తల్ని తెలుగు చెయ్యడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పోర్టు రోడ్డు దాటి పాత ఊళ్లోకి అడుగుపెట్టేటప్పుడు ఆ సంగతి మాకు గుర్తొస్తుంది.

మరో తప్పు, ప్రతి వాక్యం చివరా "అయినా నీ చిత్తం" అని అతికించడం. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఆ మాట అన్నాడు, నిజమే. కానీ దానికి ముందు ఈ బాధల గిన్నె తొలగించమని అడిగాడు, మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. అడగకుండానే లొంగిపోయినట్టు మాట్లాడితే బాధ అక్కడే ఉండిపోతుంది, కొన్నాళ్లకి ఇంట్లోవాళ్ల మీద కోపమై బయటికొస్తుంది.

కొండ ఎక్కేటప్పుడు మాటలుండవు. మోకాళ్ల నొప్పులున్నవారు వాహనాలు వెళ్లే రోడ్డు మీదుగా రావచ్చు, దానివల్ల యాత్రకి తక్కువేం కాదు. పైకి చేరాక ఎవరికి వారు విడిగా నిలబడి కాగితం చదువుకుంటాం, మన చెవికి వినబడేంత గొంతుతో. మనసులో చదివితే చేదు మాటల మీదుగా కళ్లు జారిపోతాయి, గొంతెత్తితే అలా తప్పించుకోలేం. బైబిల్లో బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థించిన హన్నా పెదవులు మాత్రమే కదిపితే యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు, కాబట్టి ఎవరైనా వింతగా చూసినా కంగారు పడకండి. పక్కవాళ్లు ఏడుస్తుంటే వీపు నిమరడానికి, "ఏడవకండి, అంతా మంచికే" అనడానికి పరిగెత్తొద్దు. నీళ్ల సీసా అందించండి, చాలు.

తర్వాత మాత ముందు కొవ్వొత్తి. సముద్రపు గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించండి, అందులో అపశకునం ఏమీ లేదు. కాగితాన్ని ఆ మంటలో కాల్చొద్దు. ఇక్కడ మేము లూకా రెండో అధ్యాయం చదువుతాం. పన్నెండేళ్ల కొడుకు మూడు రోజులు కనబడకపోతే మరియ దేవాలయంలో నిలబడి ఏమంది? "కుమారుడా, మమ్మును ఎందుకీలాగు చేసితివి?" అంది. కొండగుడికి వచ్చే తల్లులు ఆవిడ్ని సహనమూర్తిగానే చూస్తారు, ఆవిడ నోట ఈ 'ఎందుకు' ఉందని చాలామంది గమనించరు. వచ్చిన జవాబు కూడా ఆవిడకి అప్పుడు అర్థం కాలేదని లూకా రాశాడు.

ఇక మనవి. ఒక్కటే అడగండి, స్పష్టంగా. "ఇది చేస్తే అది ఇస్తాను" అనే బేరం పెట్టొద్దు.

నమ్మిక మాట దగ్గర బలవంతం వద్దు. వస్తే చెప్పండి. రాకపోతే 88వ కీర్తన తెరవండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గరే ఆగిపోతుంది, చివర్లో వెలుగు మాట ఒక్కటీ ఉండదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. అలాంటి రోజున ఆ కీర్తన చదువుకుని, సిలువ గుర్తు వేసుకుని దిగిపోవడం కూడా పూర్తి ప్రార్థనే.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా కొండ ఎక్కడంతో ఆగొద్దు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో ఉచితంగా మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం విశ్వాసం తగ్గడం కాదు. పాపభారం కూడా కలిసి ఉంటే ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనం చేసుకోండి, కానీ దుఃఖాన్ని పాపంగా ఒప్పుకోకండి.

దిగాక పాత పోస్టాఫీసు దగ్గర టిఫిను చేసి బస్సెక్కుతాం. కాగితం మీద తేదీ వేసి, బైబిల్లో 13వ కీర్తన దగ్గర మడిచి పెట్టండి. వారం తర్వాత అదే పూట మళ్లీ గొంతెత్తి చదవండి. ఇంకా నిజమనిపించే వాక్యాల్ని అలాగే ఉంచి, మారినవాటి పక్కన కొత్తవి రాయండి.