ఈస్టర్ తెల్లవారుజామున మన కంజీర

ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు. అంటే ఏటా మన పరీక్షల నెత్తిమీదే. అయినా మన బడి గాయక బృందానికి మ్యూజిక్ సారు ప్రాక్టీసు ఒక్కనాడూ ఆపలేదు. "పద్యాలు బట్టీ పట్టెటోనికి పాట బరువా?" అనేవారు.

మాది క్రైస్తవ కుటుంబం కాదు. మా నాయన ఊళ్లో భజన బృందంలో తాళాలు వేసేవాడు. అది తెలిసే సారు నా చేతికి కంజీర, అంటే గజ్జెలున్న చిన్న చేతి వాద్యం, ఇచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. పాట పైన రాగం, తాళం పేర్లు. కింద పల్లవి, చరణాలు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి వాళ్లు అచ్చంగా మన కీర్తన బాణీలోనే రాశారని సారు ఎంత గర్వంగా చెప్పేవారో!

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. ఆ రోజు మా బృందం వాద్యాలు ముట్టేది కాదు. ఇక ఆదివారం చీకటితోనే హాస్టల్ నుంచి సికింద్రాబాద్ క్లాక్ టవర్ వైపు నడక. గజ్జెలు దారిలో మోగకుండా కంజీరని తువాలులో చుట్టి చంకలో పెట్టుకునేవాణ్ణి.

గుడి నిండా తెల్లచీరలు, మల్లెపూల వాసన, చేతుల్లో కొవ్వొత్తులు. పాస్టరు అయ్యగారు "క్రీస్తు లేచెను" అనగానే జనమంతా "నిజముగా లేచెను" అనేవారు. ఆ మాట పూర్తయీ కాకముందే డోలక్ మీద మొదటి దెబ్బ! పల్లవి నిదానంగా మొదలయ్యేది. రెండో చరణానికి చప్పట్లు కలిసేవి. ఆఖరి చరణానికి సారు హార్మోనియం వదిలి లేచి నిలబడి చేత్తో లయ పెంచేవారు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని, ఒక్క అక్షరం తప్పకుండా మాకంటే గట్టిగా పాడేది. ఆమె గొంతు వింటూనే నేను తాళం పట్టుకునేవాణ్ణి. తర్వాత యువకుల బృందం కీబోర్డు, డ్రమ్స్‌తో కొత్త పాటలు అందుకునేది. అవీ నాకిష్టమే. కానీ గుడి మొత్తం ఒక్క గొంతయ్యేది మాత్రం పాత కీర్తనకే.

పదో తరగతి ఏడు మా నాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే ఆయన వేళ్లు తొడమీద ఆది తాళం వేస్తున్నాయి. ఆరాధన అయ్యాక స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ సారుతో, "మా దగ్గర కూడా గిట్లనే ఎత్తుకుంటం సార్" అన్నాడు. ఇద్దరూ బల్లమీద దరువేస్తూ మాటల్లో పడిపోయారు.

ఇప్పుడు మన బడిలో గాయక బృందం కీబోర్డు ట్రాకుల మీదే పాడుతోందని విన్నాను. వచ్చే ఈస్టర్‌కి మన పాత బృందం పిల్లలతో కలిసి ఒక్క కీర్తనైనా రాగంలో, డోలక్‌తో పాడాలని నా కోరిక. ఊళ్లో ఉన్నవాళ్లు కబురు పెట్టండి. శనివారం సాయంత్రాలు ప్రాక్టీసు పెట్టుకుందాం. కంజీర నేను తెస్తాను.