ఆదివారం మాత్ర

పోపులపెట్టె వెనకాల ఇవాళ అమ్మ మాత్రల స్ట్రిప్ దొరికింది. నెల క్రితం కొన్నది, నాలుగూ అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం పనసపొట్టు కూర బ్రహ్మాండంగా కుదిరింది కానీ దాని గురించి రాయబుద్ధి కావట్లేదు.

"లేవగానే కాఫీ లేకుండా అరగంట కూర్చోమంటే ఎలాగే?" అంది. ఎముకలు గుల్లబారకుండా వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర అంతే మరి. వారానికొకటి, పరగడుపున, మంచినీళ్లతోనే. ఆ తర్వాత అరగంట నడుం వాల్చకూడదు. కాఫీతో మింగితే ఒంటికి పట్టే ఆ కాస్త మందులోనూ 60 శాతం దాకా పోతుంది.

నా కోపం అమ్మ మీద కాదు, ఈ మందు ఎంత పనికొస్తుందో తేల్చడానికి ఆఫీసులో మేం కట్టే కంప్యూటర్ లెక్క, మా మోడల్ మీద. 65 ఏళ్ల ఆడవాళ్లను వేలమందిని కంప్యూటర్లో పుట్టించి, ఆరునెలలకో అడుగు వేయిస్తాం. ప్రతి అడుగులోనూ తుంటి విరగొచ్చు, మణికట్టు విరగొచ్చు, ప్రాణమే పోవచ్చు. మందు వాడితే ఎన్ని ఫ్రాక్చర్లు తప్పాయి, ఎంత ఖర్చయింది అన్నది లెక్క. "ఐదేళ్లూ అందరూ వేసుకున్నట్టే పెట్టేద్దాం" అన్నారు శుక్రవారం మీటింగులో. నేనూ నోరు విప్పలేదు.

తుంటి అని టైపు చేసినప్పుడల్లా అమ్మమ్మే గుర్తొస్తుంది. నూతి గట్టు దగ్గర పాచి మీద జారింది. చేతిలో చెంబు దొర్లుకుంటూ అరటి మొక్కల్లోకి పోయింది. తొమ్మిదేళ్ల నేను అమ్మమ్మని వదిలేసి చెంబు కోసం పరిగెత్తాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు మంచం మీదే. పక్క మార్చేటప్పుడు పమిట చెంగు పళ్ల మధ్య బిగించి అరుపు ఆపుకునేది. మోడల్లో అదంతా జీవన నాణ్యత అనే గడిలో ఒక దశాంశం తగ్గింపు. ఆ గడి చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంతదాకా రాసి లాప్‌టాప్ తెరిచాను. ఏడాది తిరిగేసరికి సగంమంది మాత్ర మానేసినట్టు పెట్టి మళ్లీ నడిపాను. తప్పుతాయనుకున్న ఫ్రాక్చర్లు బాగా తగ్గిపోయాయి. కాబట్టి తప్పు మోడల్‌ది కాదు. మనుషుల మీద మందును పరీక్షించే ట్రయల్స్‌లో చూసేది మూడు నాలుగేళ్లే, ఆ తర్వాతి ఇరవై ఏళ్లకి ఇలాంటి లెక్కే దిక్కు. అమ్మ మాత్రలు దాచేస్తే ఏమవుతుందని అడిగితే అది చెప్తుంది. మేం అడగలేదు, అంతే.

అందరూ ఐదేళ్లూ వేసుకుంటారన్న గడిని రేపు మార్చమంటాను. సెలైన్‌లా ఏడాదికోసారి ఎక్కించే ఎముకల మందు జోలెడ్రోనిక్ యాసిడ్ అమ్మకి పనికొస్తుందేమో డాక్టరుగారిని అడగాలి. ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి. స్ట్రిప్ మాత్రం ఎక్కడిదక్కడే పెట్టేశాను.