తిమింగలాల సర్వే ఓడ ఎక్కేముందు మన తీరంలోనే చేయాల్సిన సాధన

అంటార్కిటికా వైపు తిమింగలాల సర్వేకి వెళ్లాలనుకునే మన కోనసీమ పిల్లలు కెమెరా కొనేముందు సముద్రం మీద దూరం చెప్పడం నేర్చుకోవాలి. సర్వే అంతా దాని మీదే నిలబడుతుంది.

ఓడ ముందే గీసుకున్న దారిలో తిన్నగా పోతుంది. కనిపించిన ప్రతి తిమింగలం ఆ దారికి ఎంత ఎడంగా ఉందో తెలిస్తేనే మొత్తం సంఖ్య అంచనా కట్టగలరు. ఓడ దారికి తిమింగలం ఎంత కోణంలో ఉందో కోణం పలక మీద చూస్తారు. 7×50 బైనాక్యులర్లో (ఏడు రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) కనిపించే కొలత గీతల్ని దిగంతరేఖ నుంచి తిమింగలం దాకా కిందికి లెక్కపెట్టి దూరం తీస్తారు. దీనికి కంటి ఎత్తు కచ్చితంగా తెలియాలి. నీటికి 9 మీటర్ల ఎత్తున నిలబడితే దిగంతరేఖ దాదాపు 10.7 కిలోమీటర్లు, 16 మీటర్లయితే 14.3. ఆ ఎత్తు తప్పు రాసుకుంటే ఆ రోజు దూరాలన్నీ తప్పే. పొగమంచు కమ్మితే గీతలూ పనికిరావు, కంటి అంచనాయే దిక్కు. కాకినాడ రేవులో నీటి మీద తేలే గుర్తుల్ని (బోయాల్ని) చూసి ముందు దూరం రాసుకోండి, తర్వాత జీపీఎస్‌తో సరిచూసుకోండి. రోజూ చేస్తే కన్ను కుదురుతుంది.

ఏమీ కనబడని గంటల్నీ రాయాలి. ఎన్ని మైళ్లు వెతికారో తెలియకుండా ఎన్ని కనిపించాయో చెప్పి లాభం లేదు. గాలి వేగం 7 నాట్లు (గంటకు దాదాపు 13 కిలోమీటర్లు) దాటితే అలల మీద తెల్ల నురగలు మొదలవుతాయి. మింకీ అనే చిన్న తిమింగలం ఊపిరితో చిమ్మే ఆవిరి పలచన, ఆ నురగల్లో కలిసిపోతుంది. 9 మీటర్లు లేచే నీలి తిమింగలం ఊపిరి అప్పుడూ కనిపిస్తుంది. అల మారిన సంగతి వెంటనే రాయకపోతే, మింకీలే తగ్గిపోయాయన్న తప్పుడు లెక్క తేలుతుంది.

ఫొటోల సంగతి: హంప్‌బ్యాక్ తిమింగలాన్ని తోక అడుగు మచ్చలతో పోల్చుకుంటారు కాబట్టి అది మునిగేటప్పుడు వెనక నుంచి, 1/1000 సెకను వేగంతో తీయాలి. కెమెరా గడియారం ఓడ జీపీఎస్ సమయంతో కలపండి. మన టైము అలాగే ఉంచితే 5:30 గంటల తేడా వస్తుంది. కెమెరాను డెక్కు మీదే ప్లాస్టిక్ సంచిలో మూసి కేబిన్లోకి తేవాలి. లేదంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమరుస్తుంది.

ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు. చెమటకు తడిసి ఆరదు, చలి పట్టుకుంటుంది. బూట్ల అడుగున చేల మట్టి, వెల్క్రోలో గడ్డి గింజలు మిగలకూడదు. బయటి మొక్కలూ జీవులూ అక్కడికి చేరకూడదని 1991 నాటి అంటార్కిటికా పర్యావరణ ఒప్పందం చెబుతోంది. జేబుల్ని తిరగేసి దులపండి, గింజల్ని పట్టకారుతో ఏరండి.